పట్టుకున్న చేతుల బరువు

సింగరాయకొండ దగ్గర హైవే మీద లారీ కొట్టిన కుక్కను ఎవరో పుణ్యాత్ములు ఆటోలో వేసుకుని షెల్టర్‌కు తెచ్చారనుకుందాం. ముందు కాళ్ళ మీద లేవబోతుంది. నడుము కింది భాగాన్ని తడిసిన గోనెసంచిలా ఈడ్చుకుంటుంది. డాక్టరు గారు వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతారు. కాలు చటుక్కున ముడుచుకుంటుంది. తల పట్టుకుని కూర్చున్న కుర్రాడి మొహం వెలిగిపోతుంది. "సార్, కాలు లాగింది, స్పర్శ ఉండాది" అంటాడు. డాక్టరు గారు కాలు చూడటం లేదు, కుక్క మొహం చూస్తున్నారు.

నొప్పి మెదడు దాకా చేరితే కుక్క తల తిప్పుతుంది, మూలుగుతుంది, కరవబోతుంది. ఇవేవీ లేకుండా కాలు ఒక్కటే ముడుచుకుంటే, అది వెన్నుపాము కింది భాగం మెదడుతో పని లేకుండా తనంతట తాను చేసే కదలిక. దెబ్బకి వెన్నెముక విరిగి, లోతైన నొప్పి కూడా తెలియకుండా పోయిన కుక్క మళ్ళీ నడిచే అవకాశం చాలా తక్కువ. అదే, కాళ్ళు పడిపోయినా నొక్కితే మొహంలో నొప్పి కనిపించే కుక్కకి ఆశ ఉంది. వారాల తరబడి చూసుకుంటే లేచి నడిచినవి ఎన్నో ఉంటాయి. పరీక్ష ఒకటే, కాలు ముడుచుకోవడమూ ఒకటే, అర్థాలు మాత్రం రెండు.

ఈ సంగతి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదనుకోండి. మర్నాడు ఆ కుక్కకి, యాతన తప్పించడానికి, కారుణ్య మరణం సూది వేస్తారు. కుర్రాడే పట్టుకుంటాడు. ఆరు నెలల తర్వాత కూడా వాడి లోపల ఒకే మాట తిరుగుతుంటుంది: "కాలు లాగింది. బతికేదే. మేమే చంపేశాం." తప్పు లేని చోట తప్పు చేశాననే బరువు అలా మనసులో పడి ఉంటుంది. ఒక్క నిమిషం వివరించి ఉంటే ఆ బరువు పుట్టేదే కాదు.

కారుణ్య మరణం వల్ల షెల్టర్ పనివాళ్ళ మనసు నలిగిపోతుందంటే మనకి వెంటనే గుర్తొచ్చేది కౌన్సెలింగ్. అది కావాలి, కాదనడం లేదు. కానీ ఆ నలుగుడులో పెద్ద భాగం సూది వల్ల వచ్చేది కాదు. నిర్ణయం ఎవరు చేశారో, ఎలా చేశారో, గదిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, తర్వాత ఎవరు ఏం మాట్లాడారో, వాటి వల్ల వచ్చేది. ఆ పద్ధతులను అలాగే ఉంచి మనిషికి ధైర్యం నూరిపోయడం, కారే కుండలో నీళ్ళు పోయడమే.

ఒకే మూటలో నాలుగు బరువులు

"మనసు బాగాలేదు" అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు సంగతులు దాక్కుంటాయి. వాటిని విడదీయకపోతే ఒకదానికి ఇవ్వాల్సిన మందు ఇంకొకదానికి ఇస్తాం.

మొదటిది దుఃఖం. మూడు వారాలు పెరుగన్నం కలిపి పెట్టిన జీవం పోయింది, అంతే. మనిషి పోతే పరామర్శకి వస్తారు, పని మానేస్తే అర్థం చేసుకుంటారు. కుక్క పోయిందని ఏడిస్తే "కుక్కకేనా?" అంటారు. ఏడవడానికి కూడా జనం దగ్గర అనుమతి దొరకని దుఃఖం ఇది. దీనికి జబ్బు పేరు పెట్టక్కర్లేదు. కాస్త సమయం, ఏడ్చినా ఎవరూ నవ్వని చోటు ఉంటే చాలు.

రెండోది తప్పు చేశాననే భావం. మన ఊళ్ళలో దీనికి పాత పేరే ఉంది: ఉసురు. "మూగజీవి ఉసురు ఊరికే పోదు" అని తల్లి అన్న మాట, ఇంట్లో బిడ్డకి జ్వరం వచ్చిన రాత్రి గుర్తొస్తుంది. పనివాడు దీన్ని మేనేజరుకి చెప్పడు, నవ్వుతారని. చదువుకున్నవాళ్ళు దీన్ని మూఢనమ్మకమని తోసేస్తారు. అది పొరపాటు. ఉసురు అనే మాటలో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది: "ఈ ప్రాణం తీయడానికి సరైన కారణం ఉందా, లేదా?" దానికి జవాబు కారణాలతో చెప్పాలి. ఓదార్పు మాటలతో ఆ ప్రశ్న తీరదు. అమెరికాలో బెర్నార్డ్ రోలిన్ అనే తత్వవేత్త 1987లోనే దీన్ని నైతికమైన ఒత్తిడిగా గుర్తించాడు. మామూలు పని ఒత్తిడికి పనికొచ్చే సెలవులూ వ్యాయామాలూ దీనికి సరిపోవన్నాడు. మనసు వేసే ప్రశ్న సరైనదైనప్పుడు, ప్రాణాయామం చేయిస్తే ఆ ప్రశ్న పోదు మరి.

మూడోది దృశ్యం వెంటాడటం. ఏదో ఒక సూది సరిగా పడలేదు, కుక్క అరిచింది, చేతుల్లో కొట్టుకుంది. ఆ అరుపు నిద్రలో వినిపిస్తుంది. స్పిరిట్ వాసన తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గది వైపు పోకుండా చుట్టు తిరిగి వెళ్తాడు. ఆస్ట్రేలియాలో రోల్ఫ్, బెనెట్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, జంతువులకు కారుణ్య మరణం ఇచ్చే పనిలో ఉన్న 148 మందిని పరిశీలిస్తే 11 శాతం మందిలో ఇలాంటి లక్షణాలు ఒక మోస్తరు స్థాయిలో కనిపించాయి. అంటే పదిమందిలో ఒకరు. నలుగురే పనిచేసే చిన్న షెల్టర్‌లో కూడా ఏళ్ళు గడిచేకొద్దీ ఒకరి వంతు వచ్చే తీరుతుంది.

నాలుగోది ఉత్త అలసట. పన్నెండు గంటల డ్యూటీ, ఆలస్యంగా వచ్చే జీతం, ఆదివారం లేదు, కరెంటు పోతే బోరు లేదు. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాడి చిరాకుకి కారణం కారుణ్య మరణమే కానక్కర్లేదు. వాడికి ఇంకో మనిషి తోడు కావాలి, సెలవు కావాలి. ధ్యానం నేర్పిస్తామంటే వాడికి కోపం రావడం సహజం.

ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అందుకే "ఎట్టా ఉండావు?" అని అడిగి ఊరుకోకుండా, "ఏది గుర్తొస్తుంది? ఎప్పుడు గుర్తొస్తుంది?" అని అడగాలి. ఒక పేరు గుర్తొస్తే దుఃఖం. ఒక ప్రశ్న గుర్తొస్తే తప్పు చేశాననే భావం. ఒక అరుపో వాసనో గుర్తొస్తే మూడోది. ఏదీ గుర్తు రాకుండా ఒళ్ళు మాత్రం లేవకపోతే అలసట.

మన దగ్గర ముడి వేరే చోట పడింది

ఈ విషయం మీద దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడ చాలా షెల్టర్లలో చోటు లేక ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి కూడా సూది వేసేవాళ్ళు. ఆర్నాల్డ్ ఆర్లూక్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడి పనివాళ్ళ మధ్య తిరిగి, వాళ్ళ బాధ మూలాన్ని బయటపెట్టాడు. జంతువుల మీద ప్రేమతో ఆ ఉద్యోగంలో చేరినవాళ్ళే వాటి ప్రాణం తీయాల్సి రావడం ఆ మూలం.

మన చట్టం వేరు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, వీధికుక్కకి కారుణ్య మరణం రెండు సందర్భాల్లోనే: నయం కాని జబ్బు, లేదా బతకలేనంత గాయం. ఆ సంగతిని ఒక్కరు కాదు, ఒక బృందం నిర్ధారించాలి. సూది అర్హత ఉన్న పశువైద్యుడే వేయాలి. ఇంకో కుక్క చూస్తుండగా వేయకూడదు. ప్రాణం పోయిందని రూఢి చేసుకున్నాకే కళేబరాన్ని తీసుకెళ్ళాలి. చోటు లేదనో, ఎవరూ పెంచుకోవడం లేదనో వేయడం కుదరదు.

కాబట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో పనిచేసేవాడికి "ఆరోగ్యంగా ఉన్నదాన్ని చంపాను" అనే బాధ ఉండకూడదు. మరి ఎందుకు నలుగుతున్నాడు? చాలాసార్లు దీనికి తిరగబడిన కారణం వల్ల: సూది వేయాలని అందరికీ తెలిసినా వేసేవాళ్ళు లేక. శుక్రవారం సాయంత్రం వచ్చిన కుక్కకి సోమవారం దాకా డాక్టరు దొరకరు. ఆ మూడు రాత్రులూ దాని మూలుగు వినేది కాపలా ఉన్న మనిషి. పుండులో పురుగులు ఏరేదీ, నీళ్ళు చుక్కచుక్కగా పోసేదీ ఆ మనిషే. ఇలాంటి చోట "ఆలస్యం చేశాం" అనే బరువు, "చంపేశాం" అనే దానికంటే ఎక్కువగా ఉంటుంది. పరిష్కారం కూడా మనసులో లేదు, డ్యూటీ చార్టులో ఉంది. శనాదివారాలకి ఫోన్ చేస్తే వచ్చే డాక్టరు ఒకరు, ఆయన రాలేకపోతే రెండో డాక్టరు. ఆయన వచ్చేలోపు ఏ నొప్పి మందు, ఎంత బరువుకి ఎంత, ఎన్ని గంటలకొకసారి ఇవ్వాలో డాక్టరు సంతకంతో ముందే రాసిచ్చిన చీటీ. ఇవి గోడ మీద ఉంటే ఆ రాత్రి సగం బరువు తగ్గుతుంది. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల సంగతి కూడా అందరికీ తెలిసి ఉండాలి. అవి ప్రధానంగా రైతుల పశువుల కోసం ఉన్నవి కాబట్టి పూర్తిగా వాటి మీదే ఆధారపడకూడదు.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కలను పట్టుకుని, ఆపరేషనూ టీకా అయ్యాక షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశించింది. షెల్టర్లలో ఏళ్ళ తరబడి ఉండే కుక్కలు పెరిగితే వాటి ముసలితనం, జబ్బు, చావు కూడా అక్కడే జరుగుతాయి. పనివాళ్ళకి ఈ విషయంలో తర్ఫీదు ఇవ్వడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు.

గోశాలల సంగతి ఒక మాట. ఆవు విషయంలో సూది మాటే ఎవరూ ఎత్తరు. పడిపోయి లేవలేని ఆవుని నాలుగైదు గంటలకొకసారి పక్కకి తిప్పుతూ, కింద ఇసుకో గడ్డో మారుస్తూ, ఒరిసిన పుండ్లు కడుగుతూ నెలంతా చూసుకునే మనిషి కూడా ఇదే బరువు మోస్తున్నాడు. సూది లేదు కాబట్టి బాధ లేదనుకోవద్దు.

సూదికి ముందు కాగితం

ప్రతి కారుణ్య మరణానికీ ఒక పేజీ ఉండాలి. వచ్చిన తేదీ, దొరికిన చోటు, బరువు, చేసిన పరీక్షలు, వాటిలో ఏం కనిపించింది, ఏ చికిత్స ఎన్ని రోజులు ఇచ్చారు, దానికి ఎలా స్పందించింది, తిండీ నీళ్ళూ తీసుకుంటుందా, తనంతట లేవగలదా, ఇంకే దారులు ఆలోచించారు, అవి ఎందుకు కుదరవు. కింద నిర్ధారించిన వాళ్ళ సంతకాలు. ఇది చట్టం కోసం మాత్రమే కాదు. ఆరు నెలల తర్వాత అర్ధరాత్రి మనసు "బతికేదేమో" అని అడిగినప్పుడు జవాబు చెప్పేది ఈ పేజీయే.

పేజీ రాసి ఫైల్లో పెట్టేస్తే సగం పనే అయినట్టు. దాన్ని ఆ కుక్కని చూసుకున్న మనిషికి తెలుగులో చదివి వినిపించాలి. వేలు నొక్కిన పరీక్ష ఏం చెప్పిందో, ఎక్స్‌రేలో ఏముందో వేలు పెట్టి చూపించాలి. "నీకేమైనా సందేహం ఉందా?" అని అడిగి, జవాబు కోసం ఆగాలి. రోజూ కూడు పెట్టేవాడికి డాక్టరుకి తెలియనివి తెలుస్తాయి: నిన్న రాత్రి లేచి మూతి కడుక్కుంది, పొద్దున తోక ఆడించింది. అందులో నిజంగా పనికొచ్చేది ఉంటే నిర్ణయం ఒకరోజు వాయిదా వేయాలి. లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి. తోక ఆడించడం అంటే నిన్ను గుర్తుపట్టిందని అర్థం, నొప్పి లేదని కాదు. ఈ ఒక్క వాక్యం డాక్టరు నోటి నుంచి వినడం ఆ మనిషికి చాలా అవసరం.

నిర్ణయంలో పనివాడి మాట వినాలి గానీ, నిర్ణయం భారం వాడి మీద పెట్టకూడదు. "నువ్వేమంటావు, వేసేద్దామా?" అని అడగడం గౌరవంలా కనిపిస్తుంది. తర్వాత జీవితాంతం "నేనే సరేనన్నాను" అని మిగిలిపోతుంది. ఇంకో పెద్ద పొరపాటు ఫోన్ మీద నిర్ణయం. ఎవరో కమిటీ సభ్యుడు కుక్కని చూడకుండా ఫోన్లో "కానిచ్చెయ్యండి" అంటాడు. చూడని మనిషి మాట మీద చూసిన మనిషి ప్రాణం తీయడానికి తోడ్పడాలి. నిర్ధారించే వాళ్ళు కుక్క ముందు నిలబడే నిర్ధారించాలి.

ఆ గదిలో

అమెరికాలో 36 షెల్టర్ల మీద స్టీవెన్ రోగెల్‌బర్గ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో పనికొచ్చే సంగతి ఒకటి తేలింది. ఈ పనికంటూ వేరే గది ఉన్నచోట, చుట్టుపక్కల బతికున్న జంతువులను ఉంచనిచోట, ఒక కళేబరాన్ని తీసేశాకే రెండోదాన్ని లోపలికి తెచ్చేచోట పనివాళ్ళు ఉద్యోగం వదిలిపోవడం తక్కువగా ఉంది. ఆరోగ్యం, ప్రవర్తన కాకుండా వేరే కారణాలతో నిర్ణయాలు తీసుకునేచోట ఎక్కువగా ఉంది. ఇవన్నీ గోడలూ తలుపులూ వరసలకి సంబంధించినవే.

మన చిన్న షెల్టర్లలో వేరే గది కట్టడం కష్టం కావచ్చు. కనీసం వంట చేసే చోటా, ఆపరేషన్ బల్లా కాకుండా ఒక మూల ఎంచుకోండి. వెదురు తడికో మందపాటి పరదానో కట్టండి. ఇనుప బల్ల మీద కాకుండా కింద పాత దుప్పటి పరచండి. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏ చప్పుడూ ఉండకూడదు, ఫోన్లు బయట. గదిలో ముగ్గురు చాలు: డాక్టరు, పట్టుకునే మనిషి, కావాల్సినవి అందించే మనిషి. వాట్సాప్‌లో పెట్టడానికి వీడియో తీసేవాళ్ళు అసలు వద్దు.

పట్టుకునే మనిషి రోజూ దానికి అన్నం పెట్టే మనిషి కాకూడదు. ఈ పద్ధతి పాటించడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువగా తప్పేది ఇక్కడే. "నీ మాట వింటుంది, నువ్వే పట్టుకో" అంటారు. కుక్కకి అది మంచిదే. మనిషికి మాత్రం, నమ్మి దగ్గరికొచ్చినదాన్ని పట్టిచ్చినట్టు ఉంటుంది. మధ్యేమార్గం ఉంది. మత్తు సూది పడేదాకా అన్నం పెట్టే మనిషి తల నిమురుతూ ఉండొచ్చు. కుక్క పూర్తిగా మత్తులోకి జారాక లేచి బయటికి వెళ్ళిపోవాలి. ఉంటానంటే ఉండనివ్వండి, ఉండమని మాత్రం ఎవరూ అడగొద్దు.

మత్తు ముందు, అసలు సూది తర్వాత. మత్తు సూది కండకి వేశాక పది పదిహేను నిమిషాలు ఆగాలి. మధ్యలో తట్టి చూడటం, పిలవడం చేస్తే మత్తు సరిగా ఎక్కదు. జైలజీన్ అనే మత్తు మందు వాడితే చాలా కుక్కలు వాంతి చేసుకుంటాయి. అది ముందే చెప్పకపోతే పట్టుకున్నవాడు "ప్రాణం గిలగిలలాడింది" అనుకుంటాడు. అదే మందు రక్తపోటు తగ్గించి నరం దొరక్కుండా చేస్తుంది. రక్తం పోయిన కుక్కకైతే మరీ కష్టం. అందుకే వీలైనంత వరకు ముందే ముంగాలి వెంట్రుకలు గొరిగి, మోచేతి కింద బొటనవేలితో నొక్కి నరం పొంగించి, క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి, సెలైన్ ఎక్కించి అది నరంలోనే ఉందని చూసుకోవాలి. పట్టుకునేవాడి బొటనవేలు ఎప్పుడు వదలాలో డాక్టరు నోటితో చెప్పాలి. నరం తప్పి మందు పక్కకి పోతే మంట పుడుతుంది, కుక్క ఒక్కసారిగా ఎగురుతుంది. వెంటాడే దృశ్యాల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే.

నియమాల్లో చెప్పిన, ప్రాణం తీసే మందు పెంటోబార్బిటాల్ మన దగ్గర తేలిగ్గా దొరకదు. డాక్టర్లు వేరే మందులతో నెట్టుకొస్తుంటారు. వాటిలో ఏది వాడినా ఒక్కటి మాత్రం దాటకూడదు: కుక్క పూర్తి మత్తులో లేకుండా మెగ్నీషియం సల్ఫేట్ వంటివి నరంలోకి ఎక్కించడం హింస. కుక్క స్పృహలో ఉండగానే కండరాలు చచ్చుబడిపోతాయి. డాక్టరు కంటి మీద మెల్లగా తాకి రెప్ప కదలట్లేదని, వేలు నొక్కితే కదలిక లేదని చూపించాకే రెండో సూది. చూసే హక్కు పట్టుకున్నవాడికి కూడా ఉంది. "ఇంకా కదులుతుంది సార్" అంటే ఎవరూ కసురుకోకూడదు.

ప్రాణం పోయాక కూడా ఒళ్ళు కాసేపు ఏవేవో చేస్తుంది. ఒకటి రెండు పెద్ద ఎగఊపిరులు రావచ్చు. తొడ కండ అదరవచ్చు. మూత్రం పోతుంది. కళ్ళు మూసుకోవు. రెప్పలు వాల్చినా తెరుచుకుంటాయి. ఇవేవీ నొప్పి కావు, మెదడు అప్పటికే ఆగిపోయింది. కొత్తగా చేరిన మనిషికి ఇది మొదటి రోజే, గది బయట, తీరిగ్గా చెప్పాలి. ఎగఊపిరి వచ్చినప్పుడు చెబితే ఆలస్యమైపోతుంది. డాక్టరు స్టెతస్కోపుతో కనీసం ఐదు నిమిషాలు విని, కంటిపాప చూసి, "గుండె ఆగింది, పదకొండు ఇరవై" అని పైకి అనాలి. ఆ మాట వినపడితేనే పట్టుకున్న చేతులు వదలగలవు.

తులసి నీళ్ళు పోయాలని కొందరికి ఉంటుంది. తప్పకుండా పోయనివ్వండి. అయితే మత్తులో ఉన్న కుక్క నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తుకి ముందు పెదవులు తడపవచ్చు, లేదా అంతా అయ్యాక పోయవచ్చు.

వేళ కూడా ముఖ్యమే. పొద్దున్నే వేస్తే రోజంతా దాని నీడలో నడుస్తుంది. సాయంత్రం చివర్లో వేస్తే ఇంటికి మోసుకుపోతారు. పొద్దుటి శుభ్రం, తిండి అయ్యాక, మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందుగా ఒక గంట కేటాయించుకుంటే మంచిది. తర్వాత అదే మనిషికి బతికే పని ఏదైనా ఇవ్వండి. పిల్లకుక్కలకి పాలు పట్టడం, కుట్లు విప్పిన కుక్కని పెరట్లో తిప్పడం లాంటివి. వారానికొకరు చొప్పున వంతులు వేసుకోవాలి. "వాడు గట్టోడు, తట్టుకుంటాడు" అని ఎప్పుడూ ఒకడినే పిలిచేచోట, ముందు విరిగేది ఆ గట్టోడే. ఏ రోజైనా "ఇవాళ నేను పట్టుకోను" అంటే కారణం అడగకూడదు, కూలి కోయకూడదు. సూదికింత అని విడిగా డబ్బులివ్వడం అసలు వద్దు. ఆ నోటు చేతిలో పడ్డ క్షణంలో, చేసిన పనికి మనసు వేరే పేరు పెడుతుంది.

రేబిస్ గది

పిచ్చి పట్టిందని అనుమానమున్న కుక్క విషయంలో నియమం వేరు: విడిగా ఉంచి, సహజంగా చనిపోయేదాకా గమనించాలి. లక్షణాలు మొదలయ్యాక సాధారణంగా పది రోజుల్లోపే పోతుంది. ఆ రోజులన్నీ గది ముందు నుంచి నడిచే మనిషికి, నీళ్ళు మింగలేక చొంగ కారుస్తూ ఇనుప కడ్డీలు కొరికే ప్రాణిని చూస్తూ ఏమీ చేయలేకపోవడం సూది పట్టుకోవడం కన్నా కష్టం. ఇక్కడ సాయం చేయగలిగేది మూడు విధాల. గదిని చీకటిగా, చల్లగా, అలికిడి లేకుండా ఉంచడం కుక్కకీ మనిషికీ మేలు. నీళ్ళూ తిండీ బయటి నుంచే తోసే గూడు, లోపలికి ఎవరూ పోనక్కర్లేకుండా రెండు తలుపులు. గమనించే పని రోజుకొకరికి, అన్ని రోజులూ ఒకరికే కాదు.

దీనికి తోడు భయం ఉంటుంది. చొంగ చేతి మీద పడిందేమో, గోరు గీసుకుందేమో అని రాత్రంతా లెక్కలు. ఆ భయానికి మాటలు పనిచేయవు, టీకా పనిచేస్తుంది. షెల్టర్‌లో చేరే ప్రతి ఒక్కరికీ పనిలో దిగకముందే, మొదటి డోసు రోజును 0గా లెక్కేసి, 0, 7, 21 లేదా 28వ రోజుల్లో మూడు డోసులు వేయించాలి. కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. ముందే టీకా పూర్తయిన వాళ్ళకి కూడా 0, 3 రోజుల్లో రెండు డోసులు కావాలి. ఎవరికి ఏ తేదీన ఏ డోసు పడిందో గోడ మీద రాసి ఉంచండి.

స్నానం, గొయ్యి, ఇల్లు

చావు దగ్గరికి పోయొచ్చిన మనిషి స్నానం చేయకుండా గడప దాటడు. ఇది మన ఇళ్ళలో పాతుకుపోయిన పద్ధతి. షెల్టర్‌లో ఒక స్నానాల గది, బకెట్, సబ్బు, మార్చుకోవడానికి లుంగీ చొక్కా ఉంటే, ఆ పద్ధతే మనసుకి మందు. కడుక్కున్నాను, అక్కడితో అది అక్కడే ఆగింది. దీనికి అరగంట డ్యూటీలోనే ఇవ్వాలి. పరిశుభ్రత కోసం ఎలాగూ చేయాల్సిందే కాబట్టి, ఖర్చు లేని సాయం ఇది.

గొయ్యి లోతుగా, ఐదారు అడుగులకి తగ్గకుండా తవ్వాలి. పెంటోబార్బిటాల్ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని కాకులో ఇంకో కుక్కో పీక్కుతింటే అవీ చస్తాయి. కాలవ గట్టు, చెరువు పక్కన వద్దు. నవంబరు వానలకి నీళ్ళు పైకొచ్చి గొయ్యి తెరుచుకుంటే, పూడ్చిన మనిషి రెండోసారి చూడాల్సి వస్తుంది. గోతాంలో కట్టి ఎత్తి విసిరేయడం, చెత్త ట్రాక్టర్లో వేయడం చూసినవాళ్ళకి అదే ఎక్కువగా గుర్తుంటుంది. పాత దుప్పటిలో చుట్టి, ఇద్దరు దించి, ఉప్పు చల్లి మట్టి వేస్తే ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఆ చోట కానుగో వేపో నాటితే ఇంకా మంచిది.

చాలాచోట్ల అలవాటుగా జరిగేది ఇంకోటి ఉంది. గొయ్యి పూడ్చాక ఎవరో ఒక క్వార్టర్‌కి డబ్బులిస్తారు. ప్రేమతోనే ఇస్తారు. కానీ మందు తాగి పడుకున్న రాత్రి నిద్ర తెగుతుంది, కలలు ముదురుతాయి. మూడో నెలకి సూది లేని రోజు కూడా క్వార్టర్ కావాలనిపిస్తుంది. ఆ డబ్బుతో వేడిగా భోజనం పెట్టించండి.

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఇప్పుడే చెప్పండి, ఏమనిపించింది?" అని వెంటనే మాట్లాడించడం కూడా మంచిదనుకుంటారు. కానీ ఘటన అయిన వెంటనే ఒక్క సిటింగులో బలవంతంగా చెప్పించడం వల్ల తర్వాతి మానసిక గాయం ఆగదని, కొందరికి హాని కూడా చేస్తుందని పరిశోధనలు తేల్చాయి. మంచినీళ్ళివ్వండి, పక్కన కూర్చోండి. చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. వారం తర్వాత మళ్ళీ అడగండి.

బయటి మాటలు ఇంకో దెబ్బ. "మీరేనా సూదులేసి చంపేది?" అని టీ కొట్టు దగ్గర అడిగితే కుర్రాడికి నోట మాట రాదు. ఒక జవాబు ముందే నేర్పించి పెట్టాలి: "బతికేదాన్ని మేం చంపం. బతకలేక యాతన పడేదానికి డాక్టరు గార్లు చూసి నిర్ణయిస్తారు. రండి, చూపిస్తాం." ఇంట్లోవాళ్ళని కూడా ఏడాదికోసారి షెల్టర్‌కి పిలిచి, బాగయిన కుక్కల్ని చూపించి భోజనం పెట్టండి. ఉసురు గురించి తల్లి భయం తగ్గితే కొడుకు నిద్రపోతాడు.

పోయినవాటికి రిజిస్టర్ ఉన్నట్టే, బాగై వెళ్ళినవాటికీ ఒక పుస్తకం పెట్టండి: ఫోటో, వచ్చిన రోజు, వెళ్ళిన రోజు, ఎవరు చూసుకున్నారు. నెల మొదట్లో పైకి చదవండి. మనసు చెడు లెక్కలు మాత్రమే దాచుకుంటుంది. మిగతా లెక్క కాగితం దాచాలి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

మూడు నాలుగు నెలలకోసారి ప్రోక్వాల్ అనే ప్రశ్నావళి వాడొచ్చు. ముప్పై ప్రశ్నలు, గత ముప్పై రోజుల గురించి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. పనిలో తృప్తి, విసిగిపోవడం, ఇతరుల బాధ చూసి తగిలిన గాయం అని మూడు లెక్కలు వస్తాయి. డబ్బులక్కర్లేదు. అది జబ్బు నిర్ధారణ కాదు, దారి చూపించే గుర్తు మాత్రమే. చదవడం రానివాళ్ళకి నమ్మకమైన మనిషి తెలుగులో చదివి వినిపించాలి. కాగితాలు మేనేజరు చేతికి పోకూడదు.

అదే దృశ్యం నెల దాటినా వెంటాడుతుంటే, నిద్ర పూర్తిగా చెడితే, తాగుడు పెరిగితే, కుక్కల మీద చెయ్యి చేసుకోవడం మొదలైతే, "నేను పోయినా బాగుండు" లాంటి మాట ఒక్కసారి వచ్చినా, ఆగకూడదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ 14416 రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మానసిక వైద్యుల దగ్గరికి తోడు ఒకరు వెళ్ళండి, ఆ రోజు కూలి ఇవ్వండి.

మత్తు మందుల బీరువాకి రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. ఎన్ని మిల్లీలీటర్లు తీశారు, ఎంత మిగిలింది అన్నది ఇద్దరూ సంతకం పెట్టి రాయాలి. మిగిలిన మందు ఆ రోజే లెక్క తేల్చాలి. ఎవరి మనసు బాగాలేదని తెలిసినా, నిలదీయకుండా, పేరు బయటికి రానీయకుండా, తాళంచెవి బాధ్యత ఆ వారం ఇంకొకరికి మార్చండి.